నాయినకు తుంటి ఆపరేషన్: ఫుల్ మత్తు ఇచ్చినందుకే మతి తప్పిందా?

మర్రిగూడ_బిడ్డ: మా నాయినకు 78. బాత్రూంల జారి తుంటి ఇరిగింది, ఫుల్ మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసిన్రు. రెండో రాత్రి నన్నే ఎవరు నువ్వు అన్నడు, సెలైన్ పీకేసుకున్నడు, ఎప్పుడో సచ్చిపోయిన ఎడ్లను పిలుస్తుండు. నడుముకు మత్తు సూది ఇస్తే ఇట్ల కాకపోవు అంటున్రు అందరు.

పాలమూరు_ఓటీ: థియేటర్ల మత్తు టెక్నీషియన్‌ను అన్నా. 2021ల వచ్చిన ఒక స్టడీల అమెరికా, కెనడా దవాఖానల తుంటి ఇరిగిన 1,600 మందిని చూసిన్రు, రీగెయిన్ అంటరు దాన్ని. నడుముకు ఇచ్చినోళ్లల్లనైనా ఫుల్ మత్తోళ్లల్లనైనా నూటికి ఇరవై మంది దాకా ఇట్లనే ఆగమైన్రు. డెలీరియం అంటరు.

మర్రిగూడ_బిడ్డ: అమెరికా లెక్క నాకెందుకు. సూది ఎందుకియ్యలే?

పాలమూరు_ఓటీ: మీ మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి వెన్ను బిగుసుకపోయినోళ్లకు సూది దూరుడే కష్టం, అది కూడ అయ్యుండొచ్చు.

సూర్యాపేట_అక్క: మా అత్తకు నడుముకే ఇచ్చిన్రు. అయినా మూడు దినాలు మమ్ముల గుర్తుపట్టలే. పైనుంచి నిద్రకు మిడజోలం వేసిన్రంట.

పాలమూరు_ఓటీ: గదే అక్కా, ముసలోళ్లకు అసుంటి మందు వీలైనంతవరకు వద్దంటరు. కని మందొక్కటే కాదు. నొప్పి, మూత్రం ఆగుడు, సోడియం తగ్గుడు, నిద్ర లేకపోవుడు, అన్నీ కారణాలే. అన్నా, సరిగ కనవడకున్నా ఆగమైతరు, కండ్లద్దాలు తీసేసిన్రా? రాత్రి పక్కన ఎవరున్నరు?

మర్రిగూడ_బిడ్డ: మిడజోలం వేసిన్రా లేదా, గది చెప్పుమంటే ఎవరూ చెప్పరు. ఇప్పుడు తప్పు నాదా? మూడు రాత్రులు కన్ను మూయలే నేను!

వనపర్తి_77: కొట్లాడకున్రి.

పాలమూరు_ఓటీ: తప్పు నీదనలే. ఇట్ల అయితదని ముందే చెప్తే ఆపరేషన్ వద్దని పేషెంట్‌ను ఎత్తుకపోయినోళ్లను చూసిన. మంచంల పడి, నిమోనియా వచ్చి పోయిన్రు. అందుకే మా దగ్గర ఎక్కువ చెప్పరు.

మర్రిగూడ_బిడ్డ: గదీ నా కోపం! సంతకం పెట్టించుకున్నప్పుడు ఒక్క మాట, ఇట్ల కావచ్చు భయపడకు అంటే ఆపరేషన్ ఆపుతుంటినా? పిచ్చి లేచిందనుకొని నా చేతులతోనే నాయిన చేతులు మంచానికి కట్టిన. ఏడ్చిండు.

పాలమూరు_ఓటీ: కట్టొద్దు అన్నా, కడితే ఇంకా బెదురుతరు. అది మీకు మేము చెప్పాల్సింది. నిజమే.

సూర్యాపేట_అక్క: ఇప్పుడెట్లున్నడు తమ్ముడు?

మర్రిగూడ_బిడ్డ: నిన్న అద్దాలు పెట్టినం. పొద్దున పేరు పెట్టి పిలిచిండు. పొద్దుగూకితే మళ్ల ఎడ్లే యాదికొస్తున్నయి.