యువజన బృందం కోసం పాత వస్తువుల అమ్మకం: ధరలు ఎలా నిర్ణయించాలి?

మా యువజన బృందంలోని పిల్లలను శిక్షణ శిబిరానికి పంపేందుకు కావలసిన డబ్బు కూడగట్టడం కోసం, ఇరుగుపొరుగు వారు విరాళంగా ఇచ్చే వాడిన వస్తువులను ఆరుబయట ఒక రోజంతా అమ్మాలని నిర్ణయించుకున్నాము. ఇటువంటి అమ్మకాన్ని నడిపిన అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరని కోరుతున్నాను.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచనలో పడేసినది ధరల సంగతి. ప్రతి వస్తువుకూ విడిగా చీటీ అంటించాలంటే రోజుల తరబడి పని పడుతుంది. అలాగని బట్టలన్నిటికీ ఒక ధర, పుస్తకాలన్నిటికీ ఒక ధర అని బల్లల వారీగా పెడితే, మంచి వస్తువులు తొలి గంటలోనే అతి చవకగా వెళ్లిపోతాయేమోనన్న భయం ఉంది. అసలు ధర చెప్పకుండా, తోచినంత ఇమ్మని హుండీ పెడితే ఎక్కువ వస్తుందని మా పెద్దల్లో కొందరు అంటున్నారు. మీ అనుభవంలో అది నిజమేనా? బేరమాడేవారితో మాట్లాడవలసినది పిల్లలే కనుక, ఎంతవరకు తగ్గించవచ్చో వారికి ముందే చెప్పి ఉంచడం అవసరమని నా అభిప్రాయం.

డబ్బుపెట్టె దగ్గర ఎప్పుడూ ఇద్దరు ఉండాలనీ, విద్యుత్ పరికరాలను పరీక్షించకుండా అమ్మకూడదనీ, ఒకసారి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి పొర దెబ్బతిని ఉండవచ్చు కనుక వాడిన హెల్మెట్లను అసలు తీసుకోకూడదనీ ఇప్పటికే అనుకున్నాము. వర్షం వస్తే వాయిదా వేయడానికి మరో రోజు కూడా చూసుకున్నాము.

మిగిలిపోయే వస్తువులను, ముఖ్యంగా బరువైన సామానును, దాతలే వెనక్కి తీసుకెళ్లాలని ముందుగా షరతు పెట్టడం మర్యాదగా ఉంటుందా? అలా అడిగితే విరాళాలు తగ్గిపోతాయా?