పొట్టి లీవర్ రైఫిల్‌కు (ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కొక్కెం తిప్పి తూటా ఎక్కించేది) సైట్లు, అంటే గురి చూసే భాగాలు, మార్చినవాళ్లు ఉన్నారా?

డిండి ఒడ్డు (దేవరకొండ)
మా ఇంట్లో తాతల నాటి వించెస్టర్ 1892 కార్బైన్ (పొట్టి రైఫిల్) ఉంది. .44-40 బోరు, 20 అంగుళాల బ్యారెల్. నాన్న పోయాక వారసుడిగా లైసెన్స్ నా పేరు మీదికి మారింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్లో డిపాజిట్ చేయడం, అయ్యాక రసీదు చూపించి తెచ్చుకోవడం, ఎప్పుడన్నా హైదరాబాద్ రేంజ్‌కు పట్టుకెళ్లి పాత తూటాలు నాలుగు పేల్చి రావడం. దాని బతుకు అంతే.
ఇప్పుడు సమస్య కంటిది. యాభై దాటాను. రియర్ సైట్ (కంటివైపుది) గాడి మసకగా కనిపిస్తోంది, ఫ్రంట్ సైట్ (బ్యారెల్ కొసనున్నది) బ్లేడు ఒక్కోసారి రెండుగా కనిపిస్తోంది. 25 మీటర్లకు ఎలాగో నెట్టుకొస్తున్నా. టార్గెట్ 50కి జరిపితే గుండు ఎటు పోతుందో నాకే నమ్మకం లేదు. స్కోప్ పెట్టించమని ఒకరు, పీప్ (బెజ్జంలోంచి చూసే సైట్) పెట్టించమని ఒకరు చెప్తున్నారు. తాత తుపాకీకి కొత్తగా రంధ్రం పడటం మాత్రం నాకు ఇష్టం లేదు. చేయించినవాళ్లు చెప్పండి.

పాలమూరు బిడ్డ
స్కోప్ పెట్టించు అన్నా, ఒక్కసారితో ఖేల్ ఖతం. ఈ కాలంలో గాడి చూసుకుంట ఎవరు కొడుతున్నరు?

వాడపల్లి టు డాలస్
తమ్ముడూ, 1892కి స్కోప్ అంత తేలిక కాదు. దానిలో ఖాళీ షెల్ (పేలిన తూటా తొడుగు) పైనుంచి ఎగిరి బయటపడుతుంది. నడినెత్తిన స్కోప్ ఉంటే షెల్ దానికే కొట్టుకుని మళ్లీ లోపలికే పడొచ్చు. వించెస్టర్ 94ది కూడా చాలాకాలం ఇదే గోల. 1980ల మొదట్లో షెల్ పక్కకు వాలి ఎగిరేలా మార్చారు. మార్లిన్ వాళ్లవి 1889 మోడల్ నుంచీ పక్కకే వదులుతాయి కాబట్టి అక్కడి వేట తుపాకుల్లో స్కోప్ ఎక్కువగా మార్లిన్ మీదే కనిపిస్తుంది.
నాది మిర్యాలగూడ దగ్గర వాడపల్లి, ఉండేది డాలస్ దగ్గర. మార్లిన్ 1894 కార్బైన్ వాడతాను, .357 మ్యాగ్నం, పద్దెనిమిదిన్నర అంగుళాల బ్యారెల్. స్కోప్ పెట్టించి కొన్నాళ్లు వాడి పీకేశాను. పొట్టి లీవర్ రైఫిల్ సుఖమంతా రిసీవర్ (బ్యారెల్ వెనక నడిమి ఇనుప పెట్టె) కింద ఒక్క చేత్తో పట్టుకుని నడవడంలో ఉంది. స్కోప్ ఎక్కితే చెయ్యి పట్టే చోటే పోతుంది. స్టాక్ (భుజానికి ఆనే చెక్క) పల్లంగా ఉంటుంది కాబట్టి చెంప ఆనదు, గడ్డం ఆనుతుంది. స్కోప్ కింద హ్యామర్‌కు (తూటాను పేల్చే సుత్తి) బొటనవేలు అందక దానికి పక్కకి ఒక పుల్ల బిగించుకోవాలి. చివరికి రిసీవర్ మీద ఘోస్ట్ రింగ్, ముందు తెల్ల గీత ఉన్న బ్లేడు పెట్టించాను. మార్లిన్ రిసీవర్ పైన ఫ్యాక్టరీవాళ్లే స్క్రూ రంధ్రాలు వేసి ఇస్తారు, డ్రిల్లు పని లేదు. మీ 1892కి ఆ సౌకర్యం ఉండదు.

సూర్యాపేట ఎయిర్‌గన్
నాకు తెలిసింది .177 ఎయిర్ రైఫిలే, అయినా అడుగుతున్నా. ఘోస్ట్ రింగ్ అంటే పీప్ సైటేనా, వేరేనా?

వాడపల్లి టు డాలస్
పీప్ సైట్ కుటుంబమే. మధ్యలో చిన్న బెజ్జం ఉన్న బిళ్ల ఉంటే టార్గెట్ పీప్. ఆ బిళ్ల మర విప్పి తీసేస్తే పెద్ద బెజ్జం, చుట్టూ సన్నటి అంచు మిగులుతుంది. కన్ను దగ్గర పెట్టి చూస్తే ఆ అంచు మాయమైనట్టే ఉంటుంది, ముందు బ్లేడు ఒక్కటే కనిపిస్తుంది. బెజ్జం పెద్దది కదా, గురి చెదరదా అని నాకూ అనుమానం వచ్చింది. చెదరదు. కన్ను దానంతటదే బెజ్జం నడిమధ్యకు పోతుంది. నువ్వు రింగు కేసి చూడకూడదు, రింగులోంచి చూడాలి. సాయంత్రం వెలుగు తగ్గాక పెద్ద బెజ్జానిదే పైచేయి.

ఎన్‌సీసీ మాస్టారు (వనపర్తి)
రింగు సంగతి తర్వాత. ముందు డబ్బు ఖర్చు కాని పని చెప్తాను. మా క్యాడెట్లకు .22 రైఫిల్ మీద నేర్పేటప్పుడు సగం తప్పులు ఫోర్‌సైట్ టిప్ (ఫ్రంట్ సైట్ కొస) దగ్గరే దొరికేవి. పాత కార్బైన్ల మీద ఆ టిప్ ఎన్నో ఏళ్లు తుడిచీ తుడిచీ నున్నగా అరిగి, మూలలు పోయి, ఎండలో తళతళలాడుతుంది. మెరిసే టిప్‌తో ఏం జరుగుతుందో చూడండి. ఎండ ఎడమ నుంచి పడితే టిప్ ఎడమ చెంప మాత్రమే వెలుగుతుంది. మీ కన్ను ఆ వెలిగే ముక్కనే టిప్ అనుకుని టార్గెట్ మీద పెడుతుంది. అప్పుడు అసలు టిప్ కుడికి జరిగిపోయి ఉంటుంది, గుండు కుడికి పోతుంది. పొద్దున ఒకచోట, సాయంత్రం ఇంకోచోట తగులుతుంటే రైఫిల్‌ను తిట్టకండి, సూర్యుడు ఎటున్నాడో చూడండి. గుండ్రటి బంగారు పూస ఉన్న ఫ్రంట్ సైట్లకు ఈ జబ్బు మరీ ఎక్కువ. పూస ముఖం చదునుగా, నిటారుగా ఉంటే చాలావరకు తగ్గుతుంది.
పాత షూటర్ల మందు కర్పూరం. హారతి కర్పూరం బిళ్ల వెలిగించి ఆ పొగ మీద టిప్‌ను, గాడిని ఒక్క క్షణం పట్టండి. నల్లటి మసి పడుతుంది, మెరుపు చస్తుంది, అంచులు కత్తిరించినట్టు కనిపిస్తాయి. వేలు తగిలితే ఊడుతుంది, మళ్లీ పట్టుకోవాలి. రైఫిల్ ఖాళీ అని లీవర్ తెరిచి, ఛాంబర్‌లో (తూటా కూర్చునే చోట) వేలు పెట్టి చూసుకున్నాకే ఈ పని. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు.
తెల్ల కాగితం టార్గెట్ మీదైతే నల్ల టిప్‌ను మించింది లేదు. ముదురు రంగు టార్గెట్ అయితే టిప్‌కు ముందు తెల్ల నెయిల్ పాలిష్, అది ఆరాక మీద నారింజ రంగు. తెల్లది అడుగున లేకపోతే నారింజ వెలగదు.

పాలమూరు బిడ్డ
కర్పూరం సంగతి మస్తుంది సార్! మా ఇంట్ల అడిగితే తుపాకికి పూజ చేస్తున్నవా అంటరు.

గద్వాల కళ్లద్దాలు
నాకు తుపాకుల గురించి తెలియదు. కళ్లద్దాల పని చేస్తాను కాబట్టి డిండి అన్న కంటి గురించి మాట్లాడతా.
నలభై దాటాక కంట్లో లెన్సు గట్టిపడుతుంది. దగ్గరిది, దూరంది వెంటవెంట చూసుకునే శక్తి పోతుంది. మీ గురిలో మూడు దూరాలున్నాయి: గాడి జానెడున్నర, ఫ్రంట్ సైట్ ముప్పావు మీటరు, టార్గెట్ 50 మీటర్లు. కుర్రవాడి కన్ను ఈ మూడింటి మధ్య పరుగెత్తగలదు. మీది పరుగెత్తలేదు. ఏదో ఒకటి వదులుకోవాలి, వదులుకోవాల్సింది గాడిని. పీప్ చేసేది అదే: గాడిని లెక్కలోంచి తీసేస్తుంది. పైగా చిన్న బెజ్జంలోంచి చూస్తే దగ్గరిది, దూరంది రెండూ కాస్త స్పష్టంగా కనిపిస్తాయి. అద్దాలు మరిచిపోయినప్పుడు పిడికిలి ముడిచి సన్న సందులోంచి బస్సు బోర్డు చదువుతాం కదా, అదే సూత్రం.
ఇంకో మాట. ప్రోగ్రెసివ్ అద్దాలతో రైఫిల్ పట్టుకుంటే ఇబ్బందే. చెంప ఆన్చి తల వంచినప్పుడు మీరు చూసేది అద్దం మధ్యలోంచి కాదు, ముక్కు పక్క పై మూలలోంచి. అక్కడ ప్రోగ్రెసివ్ అద్దం సరిగా పనిచేయదు. ఒకే నంబరున్న అద్దం చేయించండి, మీ దూరపు నంబరుకు +0.50 గానీ +0.75 గానీ కలిపి. ఫ్రంట్ సైట్ తేటగా, టార్గెట్ ఒక్క పిసరు మెత్తగా కనిపించాలి. రెండు నంబర్లూ ట్రయల్ ఫ్రేములో పెట్టించుకుని, ముప్పావు మీటరు దూరంలో పెన్ను మొన పట్టుకుని చూసుకోండి. రైఫిల్ షాపుకు తేవాల్సిన పని లేదు, దయచేసి తేవద్దు!
బ్లేడు రెండుగా కనిపించడం మాత్రం వట్టి చత్వారం కాకపోవచ్చు. ముందు కళ్ల డాక్టరుకు చూపించండి.

డిండి ఒడ్డు (దేవరకొండ)
చూపించాను, రెండు కళ్లలో శుక్లం మొదలవుతోందట, ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదన్నారు. కర్పూరం ప్రయోగం ఈ వారమే. మరి రంధ్రం వేయకుండా పీప్ పెట్టే దారి ఉందా?

వాడపల్లి టు డాలస్
ఉంది. మీ తుపాకీ హ్యామర్ వెనక, చెయ్యి పట్టే మెడ మీద ఇనుప నాలుక ఒకటి స్టాక్ పైకి వస్తుంది చూడండి, దాన్ని ట్యాంగ్ అంటాం. దాని మీద స్టాక్‌ను పట్టే స్క్రూ ఉంటుంది. దాని దగ్గర్లోనే ఇంకో చిన్న స్క్రూ తల కనిపిస్తే మీ అదృష్టం పండినట్టే. పాత 1892ల్లో చాలావాటికి ట్యాంగ్ సైట్ కోసం ఫ్యాక్టరీలోనే రంధ్రం వేసి, పూడిక స్క్రూ పెట్టి పంపేవారు. ట్యాంగ్ సైట్ అంటే మడత పడే చిన్న కాండం, దాని కొసన పీప్. మార్బుల్స్ లాంటి కంపెనీలు ఇప్పటికీ చేస్తున్నాయి. కొనేటప్పుడు 1892కి అని గట్టిగా చెప్పండి. స్క్రూల మధ్య దూరం మోడల్‌ను బట్టి మారుతుంది. బోల్ట్ (తూటాను లోపలికి తోసే ఇనుప ముక్క) వెనక్కి వచ్చినప్పుడు కాండానికి తగలకూడదు, అది కూడా చూసుకోవాలి.
లాభం ఒక్క కంటికే కాదు. రెండు సైట్ల మధ్య దూరం పెరుగుతుంది. అది 300 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు గురిలో 0.1 మి.మీ. తేడా వస్తే 50 మీటర్ల దగ్గర దాదాపు 17 మి.మీ. తప్పుతుంది. దూరం 500 అయితే అదే తేడాకు 10 మి.మీ.తో పోతుంది. పొట్టి బ్యారెల్‌కు సరిగ్గా గురి కుదరదనేవాళ్లు బ్యారెల్‌ను అంటారు గానీ, తప్పు ఎక్కువగా సైట్ల మధ్య దూరానిది.

పెద్దవూర రైతు
డ్రిల్లింగ్ కావాలంటే మా దగ్గర లేత్ మిషన్ వాళ్లు బ్రహ్మాండంగా చేస్తారు కదా, సన్న పని కూడా వచ్చు వాళ్లకు. పందులు చేను తింటున్నాయి, గురి మంచిగుంటే పనికొస్తది.

ఎన్‌సీసీ మాస్టారు (వనపర్తి)
రెండూ వద్దు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తుపాకీ రిపేరుకు కూడా లైసెన్స్ ఉండాలి. లేత్ షాపులో మీ తుపాకీ దొరికితే ఆయనా ఇరుక్కుంటాడు, మీరూ ఇరుక్కుంటారు. లైసెన్సున్న డీలరు దగ్గరే చేయించాలి. పందుల సంగతి అనుమతితో జరగాల్సిన పని, ఎవరికి వారు తుపాకీ తీసుకుని చేలో దిగేది కాదు. 1972 వన్యప్రాణి చట్టం ఉంది. పైగా అమ్రాబాద్ పులుల అడవి పక్కనే ఉంది.

పెద్దవూర రైతు
సరే మాస్టారూ, అడిగిన అంతే.

పీప్ సందేహం (నల్లగొండ)
నేను వేరే రైఫిల్‌కు పీప్ సైట్ బయటి దేశం నుంచి తెప్పిద్దామని ఆర్డరు పెట్టా. పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది. తుపాకీ భాగమా, కెమెరా భాగమా అన్న దానిమీద కాగితాల మీద కాగితాలు. ఆఖరికి వెనక్కే పోయింది. డిండి అన్నా, డబ్బు కట్టే ముందు డీలరును అడిగి, ఆయన ద్వారానే తెప్పించుకో.

డిండి ఒడ్డు (దేవరకొండ)
ట్యాంగ్ మీద చిన్న స్క్రూ ఉంది! మసి పట్టి కనిపించలేదు ఇన్నాళ్లూ. డీలరు సైట్ తెప్పించి బిగించగలనన్నాడు, టైం పడుతుందట. నా భయం తూటాల గురించి. .44-40 మన దగ్గర ఎవరూ కొత్తగా చేయట్లేదు, ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పేల్చి చూసుకుంటూ సైట్ సరిచేసుకోవడానికి సరిపోతాయా?

వాడపల్లి టు డాలస్
పేల్చకుండానే చాలాదూరం రావొచ్చు. పాత బ్యారెల్ సైట్లతో 25 మీటర్లకు ఎలాగో నెట్టుకొస్తున్నానన్నారు కదా. వాటిని తీయించొద్దు. ట్యాంగ్ సైట్ బిగించాక రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టించండి. పీప్‌లోంచి చూస్తూ దాన్ని పైకి కిందకి, పక్కలకి జరపండి. ఎక్కడైతే పాత గాడి, ఫ్రంట్ టిప్ రెండూ మునుపటిలాగే కలిసి, ఆ కలిసిన చోటు పీప్ నడిమధ్యలో పడుతుందో అక్కడ బిగించండి. మూడూ ఒకే గీత మీదికి వచ్చాయంటే పాత గురి కొత్త సైట్‌లోకి వచ్చేసినట్టే. ఆ తర్వాత చిన్న సవరింపుకు రెండు మూడు తూటాలు చాలు.
సవరించేటప్పుడు రియర్ సైట్‌ను గుండు ఎటు పోవాలో అటే జరపాలి. ఫ్రంట్ సైట్‌ను దానికి ఎదురు దిక్కుకు.

ఎన్‌సీసీ మాస్టారు (వనపర్తి)
ఎత్తు చాలక ఫ్రంట్ బ్లేడు మార్చాల్సి వస్తే లెక్క ఇదీ: సైట్ల మధ్య దూరాన్ని గుండు తప్పిన దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించండి, అన్నీ మిల్లీమీటర్లలోనే. సైట్ల మధ్య 500, 50 మీటర్లకు గుండు 120 పైకి పోతోందనుకోండి: 500 × 120 ÷ 50,000 = 1.2 మి.మీ. గుండు పైకి పోతోంది కాబట్టి బ్లేడు అంత ఎత్తు పెరగాలి. కిందకు పోతుంటే అంత ఆకురాయితో తీయాలి. తీసింది మళ్లీ రాదు, కొద్దికొద్దిగా తీయించండి.
ఒక హెచ్చరిక. వించెస్టర్ పాత కార్బైన్లలో ఫ్రంట్ బ్లేడు పక్కకు జారే గాడిలో ఉండదు. బ్యారెల్ మీది దిమ్మెలో అడ్డంగా చిన్న పిన్నుతో పట్టి ఉంటుంది. పక్కనుంచి సుత్తితో కొడితే దిమ్మె ఊడుతుంది తప్ప బ్లేడు జరగదు. పిన్నును నెట్టి బ్లేడు మార్చాలి.

సూర్యాపేట ఎయిర్‌గన్
పూస ఎంత పెద్దది ఉండాలి? పెద్దగా ఉంటే తొందరగా కనిపిస్తుంది కదా.

వాడపల్లి టు డాలస్
కనిపిస్తుంది, టార్గెట్‌ను కప్పేస్తుంది కూడా. కంటికి 700 మి.మీ. దూరంలో 1.6 మి.మీ. పూస ఉంటే 50 మీటర్ల దగ్గర 11 సెంటీమీటర్లకు పైగా కప్పేస్తుంది. సగం పరిమాణం పూస అయితే ఆరు లోపే. వేటకు పెద్దది సరే, కాగితం మీద గుండ్లు ఎంత దగ్గరగా పడ్డాయో చూసుకోవాలంటే సన్నది, ఇంకా నయం చదరపు పై అంచున్న బ్లేడు. డిండి గారి కంటికి మరీ సన్నది కూడా పనికిరాదు, నడిమి రకం అడగండి.

డిండి ఒడ్డు (దేవరకొండ)
సైట్ వచ్చింది, డీలరు బిగించాడు. చెప్పినట్టే పాత గాడితో కలిపి పెట్టించా. రేంజ్‌లో మొదటి తూటాయే కాగితం మీద పడింది. 50 మీటర్లకు కాస్త ఎత్తుగా ఉంటే పీప్ కిందకు దించాం, ఫ్రంట్ బ్లేడు ముట్టుకునే పని పడలేదు. బొటనవేలు మెడ మీదుగా వేసి పట్టుకోవడం అలవాటు, అది కాండానికి తగులుతోంది. ఇప్పుడు వేలు కుడి పక్కన ఆనించి పట్టుకుంటున్నా. ఒక్కటే సందేహం: పీప్‌లోంచి చూస్తే పాత గాడి మధ్యలో అడ్డం వస్తోంది. తీయించేయాలా?

వాడపల్లి టు డాలస్
గురి కుదిరింది కాబట్టి ఇక తీయించొచ్చు. సాధారణంగా ఎడమ నుంచి కుడికి నెట్టి తీస్తారు, ఇత్తడి పంచ్‌తోనే. సైట్ తీసిన ఖాళీ సందులో దుమ్ము, తుప్పు చేరకుండా ఫిల్లర్ ముక్క ఒకటి దొరుకుతుంది, అది వేయించండి. తీసిన పాత సైట్‌ను, ట్యాంగ్ పూడిక స్క్రూను ఓ కవర్లో వేసి, మీద తుపాకీ నంబరు రాసి లైసెన్స్ పుస్తకం దగ్గర పెట్టుకోండి.