వంక పూడ్చిన లేఅవుట్‌కు ఎదురు నిలవడం: రాయి ఎత్తకుండా ఏమి చేయవచ్చు?

చెరువుకట్ట (చంద్రగిరి వైపు పల్లె)
మా ఊరి చెరువుకు నీళ్ళు తెచ్చే వంకను ఒక లేఅవుట్ యజమాని మట్టితో పూడ్చి, దాని మీదే ప్రహరీ లేపాడు. 2021 నవంబరులో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్ళు ఖాళీ చేయించిన రోజులు ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు కనుక, వంకకు అడ్డు పడితే వరద ఎటు తిరుగుతుందో మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. కార్యాలయాల చుట్టూ తిరిగి అర్జీలు ఇచ్చాము. అర్జీ పరిష్కారమైందని ఫోనుకు సందేశం వస్తుంది, ప్రహరీ మాత్రం కదలదు. ఊరి కుర్రవాళ్ళు జేసీబీ తెచ్చి రాత్రికి రాత్రి పడగొడతామంటున్నారు. అలా చేస్తే గోడ మళ్ళీ లేస్తుంది, కేసులు మాత్రం పిల్లల మెడకు చుట్టుకుంటాయి. నిరసనకు అనుమతి ఎవరిని అడగాలి, ఏ పద్ధతిలో చేస్తే అధికారులు కదులుతారు, ఊళ్ళోని ప్రభుత్వోద్యోగులు పాల్గొనవచ్చా అనేవి నా ప్రశ్నలు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

పలకా బలపం (అంగన్‌వాడీ కార్యకర్త, పుత్తూరు)
అన్నా, 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మెలో కూర్చున్నవాళ్ళం మేము. అప్పటికి నెలకు 11,500 రూపాయల గౌరవ వేతనం, ఆయాలకు 7,000. జీతం పెంచండి, గ్రాట్యుటీ ఇవ్వండి అని అడిగితే జనవరిలో మా మీద ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) ప్రయోగించారు. అయినా శిబిరం లేవలేదు. మమ్మల్ని నిలబెట్టింది నినాదాలు కాదు, వంతుల పట్టిక. ఏ గ్రామం వారు ఏ రోజు రావాలి, పసిబిడ్డ ఉన్నవారు ఎన్ని గంటలకు బయలుదేరాలి, అన్నం ఎవరు వండాలి, మరుగుదొడ్డికి ఎవరి ఇంటికి వెళ్ళాలి అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాము. ఆడవాళ్ళను కూర్చోబెట్టే చోట మరుగుదొడ్డి చూసుకోకపోతే మూడో రోజుకే జనం పలచబడతారు. ఏ నాయకుడూ ఈ సంగతి వేదిక మీద చెప్పడు. పెంచుతామన్న హామీ మీద సమ్మె విరమించాము, మా అసలు కోరిక పూర్తిగా తీరలేదు. కానీ ఆ తరువాత మా సూపర్‌వైజర్లు మాతో మాట్లాడే తీరు మారింది.

బెంగళూరా తోట (బంగారుపాళ్యం)
మీరంతా శిబిరాలు, పట్టికలు అంటున్నారు. మా బాధ వేరు. 2025 వేసవిలో తోతాపురి మామిడి ధర కుప్పకూలినప్పుడు పరిశ్రమలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది, మొత్తం 12 అని ప్రకటించారు. ప్రకటించిన ధర ర్యాంపు (కాయలు కొనే చోటు) దగ్గర మాకు దొరకలేదు. టోకెను పట్టుకొని గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరుసలో పగలూ రాత్రీ కాచుకున్నాము. అడుగు పొరలో కాయ మెత్తబడి, ట్రాలీ చెక్కల సందుల్లోంచి రసం కారి రోడ్డు జిగటగా మారింది. లోపలికి పిలిచేసరికి కాయ పనికిరాదన్నారు. అప్పుడు లోడును హైవే మీద కుమ్మరించాము. అంతవరకు మా వైపు తిరిగి చూడని అధికారులు ఆ సాయంత్రమే వచ్చారు. చెరువుకట్ట అన్నా, రోడ్డు ఎక్కండి, అంతకు మించిన దారి లేదు.

కట్టమంచి
నేను దీన్ని అంగీకరించలేను. రోడ్డు ఎక్కేవారికి ఎదుటి వాహనంలో ఎవరున్నారో తెలియదు. మా అమ్మను డయాలసిస్‌కు వేలూరు తీసుకువెళ్తుండగా ఇలాంటి రాస్తారోకోలోనే చిక్కుకున్నాము. ఆమె ఊపిరి ఆడక కిటికీ పట్టుకొని కూర్చుంటే, బతిమాలినా ట్రాక్టరు పక్కకు తీయలేదు. మీకు అన్యాయం చేసినవాడు ఏసీ గదిలో ఉన్నాడు, శిక్ష మాత్రం మా అమ్మకు పడింది. రక్తం చిందనంత మాత్రాన అది అహింస అయిపోతుందా? పైగా తినే పండును నేలపాలు చేయడం చూస్తే నా మనసు ఒప్పదు.

బెంగళూరా తోట
మీ అమ్మగారికి అలా జరగకూడదు. ఆ రోజు అక్కడ ఉన్నవారు తప్పు చేశారు, నేను సమర్థించను. మా దగ్గర అంబులెన్సుకు దారి ఇవ్వడానికి ఇద్దరిని ప్రత్యేకంగా నిలబెట్టాము. కానీ పండు నేలపాలు చేశామని మమ్మల్ని నిందించకండి. కోత కూలి, ట్రాక్టరు బాడుగ కలిపితే అమ్మిన డబ్బు కంటే ఎక్కువైన రైతు పారబోసిన పండు అది. పెంచిన చేతులతో పారబోసేవాడి కంటే ఎక్కువగా ఆ పండు మీద మీకు మమకారం ఉందా? మా ధర పడిపోయినప్పుడు పట్టణంలో ఎంతమంది నోరు విప్పారు?

కట్టమంచి
నాకు మీ మీద కోపం లేదు, మీ పద్ధతి మీద ఉంది. ఫ్యాక్టరీ గేటు ముందు పోయండి, నేనూ వచ్చి మీ పక్కన నిలబడతాను. 2013లో రాష్ట్ర విభజనకు వ్యతిరేకంగా రెండు నెలల పాటు బస్సులు ఆగిపోయినప్పుడు నష్టపోయింది ఢిల్లీ వారు కాదు. ఇక్కడి చిరువ్యాపారులు, కూలివాళ్ళు నష్టపోయారు, విభజన ఎలాగూ జరిగిపోయింది.

విశ్రాంత అధ్యాపకుడు (బాలాజీ కాలనీ)
ముప్పై ఏళ్ళకు పైగా రాజనీతి శాస్త్రం బోధించినవాడిగా ఈ వాదనను ఒక కొలిక్కి తేగలనని నమ్ముతున్నాను. అమెరికా పండితుడు జీన్ షార్ప్ 1973లో అహింసా పద్ధతులు 198 అని లెక్కగట్టి, వాటిని నిరసన తెలపడం, సహకారం ఉపసంహరించడం, నేరుగా అడ్డుకోవడం అని మూడు తరగతులుగా విడదీశారు. మీరిద్దరూ మూడో తరగతి గురించి పోట్లాడుకుంటున్నారు. నా దృష్టిలో బలమైనది రెండోది. అమెరికాలోని మాంట్‌గోమరీలో నల్లజాతి వారు బస్సుల్లో వర్ణవివక్షకు నిరసనగా 1955 డిసెంబరు నుంచి 381 రోజులు బస్సు ఎక్కలేదు, సొంత కార్లలో ఒకరినొకరు చేరవేసుకున్నారు, కాలినడకన పనికి వెళ్ళారు. మన చీరాల, పేరాల ప్రజలు 1921లో మునిసిపల్ పన్ను భారాన్ని నిరాకరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో ఊరే ఖాళీ చేసి పొలిమేర బయట పాకల్లో కాపురం పెట్టారు. 1900 నుంచి 2006 దాకా జరిగిన 323 ఉద్యమాలను ఎరికా చెనొవెత్, మరియా స్టీఫన్ పరిశీలించినప్పుడు అహింసా ఉద్యమాల్లో 53 శాతం, సాయుధమైన వాటిలో 26 శాతం గెలిచాయని తేలింది. ఊరి కుర్రవాళ్ళకు ఈ అంకెలు చదివి వినిపించండి.

ఉప్పుటేరు (సూళ్ళూరుపేట)
మాస్టారూ, చీరాల వారు దాదాపు పదకొండు నెలలు ఎండకూ వానకూ ఓర్చి, నాయకుడు జైలుకు వెళ్ళాక తిరిగి ఇళ్ళకు వచ్చేశారు. ఆ సంగతి కూడా చెప్పాలి కదా?

విశ్రాంత అధ్యాపకుడు
చెప్పాలి. కానీ పల్లెటూరి జనం ఒక ప్రభుత్వాన్ని అన్ని నెలలు నిలువరించగలరని తేలింది. పెదనందిపాడు రైతులు పన్నుల నిరాకరణకు దిగింది కూడా ఆ కాలంలోనే. ఫలితాన్ని ఒక ఊరి లెక్కతో తూచకూడదు.

బెంగళూరా తోట
సార్, మీ రెండో తరగతి చదువుకోవడానికి బాగుంది. అంగన్‌వాడీ అక్క పని ఆపగలదు, ఆమె పని ఆపితే ఊరికి తెలుస్తుంది. నేను ఏమి ఆపాలి? పండిన కాయ చెట్టు మీద ఆగదు. నేను అమ్మనంటే కొనేవాడికి నష్టం లేదు, పక్క జిల్లా నుంచి తెచ్చుకుంటాడు. సహకారం ఉపసంహరించడానికి నా చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. అది లేనివాడే రోడ్డు ఎక్కుతాడు. దీనికి మీ శాస్త్రంలో సమాధానం ఉంటే రాయండి.

వెంకటగిరి కోడలు
మా ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల మాట. సారా వ్యతిరేక ఉద్యమంలో మా అత్తగారు ముందు వరుసలో నడిచారు. దూబగుంటలో రోశమ్మ గారు, ఊరి ఆడవాళ్ళు దుకాణం మూయించిన వార్త చుట్టుపక్కలకు పాకింది, చిత్తూరు, కడప, కర్నూలు జిల్లాల దాకా వెళ్ళింది. చేతిలో ఏముందని అడుగుతున్నారు కదా తోట అన్నా. భర్త తాగే సారా కొట్టు ఊళ్ళోకి రావాలంటే వేలంపాట జరగాలి, ఆ పాట జరిగే ఆఫీసు గేటుకు అడ్డంగా కూర్చోవచ్చునని వాళ్ళు కనిపెట్టారు. ఏడాదికొకసారి జరిగే పాట ఆగితే వ్యాపారమంతా ఆగుతుంది. అక్షరాస్యత తరగతుల్లో కలుసుకున్న ఆడవాళ్ళు ఈ పని చేశారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో ఎత్తివేయడం వేరే కథ, ఆ దుఃఖం మా అత్తగారికి చివరిదాకా పోలేదు.

ఉప్పుటేరు
అప్పట్లో తాగివచ్చినవాళ్ళకు గుండు కొట్టించి ఊరేగించిన సంఘటనలు కూడా ఉన్నాయి. అది కూడా అహింసేనా అమ్మా?

వెంకటగిరి కోడలు
ఏళ్ళ తరబడి తన్నులు తిన్న ఆడవాళ్ళను ఆ ప్రశ్న అడిగే ముందు, ఆ తన్నులకు ఏ పేరు పెట్టారో చెప్పండి. అవమానించడం మంచి పద్ధతి అని నేను అనను. మా ఊళ్ళో అలా జరగలేదు.

నేతగాని బాట (నగరి)
ఇంతమంది మాట్లాడినా అమరావతి రైతుల పాదయాత్రను ఎవరూ తలచలేదు. 2021 నవంబరు 1న తుళ్ళూరులో బయలుదేరి, 45 రోజులు నడిచి తిరుపతి చేరారు. బహిరంగ సభకు హైకోర్టుకు వెళ్ళి అనుమతి తెచ్చుకున్నారు. నడక కంటే శాంతమైన నిరసన ఏముంటుంది?

కట్టమంచి
రాజధాని గొడవ ఇక్కడికి తేకండి. రాయలసీమకు న్యాయం కావాలని ఇదే తిరుపతిలో మరునాడే సభ పెట్టిన వారూ శాంతంగానే పెట్టారు. ఈ చర్చ మొదలుపెట్టిన మనిషి వంక గురించి అడిగాడు.

దస్తావేజు (తిరుపతి)
ఇంతవరకు ఎవరూ కాగితం సంగతి ఎత్తలేదు, అందుకు నాకు బాధగా ఉంది. నిరసనకు ముందు వంక ఎక్కడుందో రికార్డు చేతిలో ఉండాలి. సమాచార హక్కు చట్టం కింద గ్రామ పటం, ఆ సర్వే నంబర్ల ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం), అడంగల్ (భూమి, సాగు వివరాల రికార్డు), లేఅవుట్‌కు అనుమతి ఇచ్చిన ఉత్తర్వు ప్రతులు అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మరో ముప్పై రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. పటంలో రెండు సన్నని గీతల మధ్య వంక కనిపిస్తే, దాని మీద సర్వే నంబరు రాసి ఉంటే, సగం పోరాటం గెలిచినట్టే. ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించడానికి పథకాలు రూపొందించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ తీర్పు ప్రతిని అర్జీకి జత చేయండి. తరువాత గ్రామసభలో తీర్మానం చేయించి, అది మినిట్స్ పుస్తకంలో రాసేవరకు లేవకండి.

ప్లాటు బాధితుడు (ఎం.ఆర్.పల్లి)
నేను కొనుగోలుదారు వైపు నుంచి చెబుతాను. తిరుపతి చుట్టుపక్కల ఇలాంటి ఒక లేఅవుట్‌లో ప్లాటు కొన్నాను. ఆదివారం కారులో తీసుకువెళ్ళి, సున్నం గీతలు చూపించి, భోజనం పెట్టి సంతకం చేయించుకున్నారు. వానకు నడుము లోతు నీళ్ళు నిలిచాక, అది వాగు దారి అని పక్క పొలం రైతు చెప్పాడు. అతను మొదటి రోజే గేటు దగ్గర నిలబడి చెప్పి ఉంటే నా పిల్లల చదువు డబ్బు మిగిలేది. తోట అన్న అడిగిన ప్రశ్నకు సమాధానం ఇక్కడ ఉంది. లేఅవుట్ యజమాని బతుకు కొనేవారి మీద ఆధారపడింది. ఊరివాళ్ళు ఆదివారాలు గేటు బయట, పంచాయతీ స్థలంలో, గ్రామ పటం పెద్దదిగా ముద్రించి పట్టుకొని నిలబడండి. ఎవరినీ అడ్డుకోవద్దు, తిట్టవద్దు. "అయ్యా, ఇది వంక, పటం చూసుకొని కొనండి" అంటే చాలు.

బెంగళూరా తోట
ఇది నచ్చింది. దెబ్బ తగలవలసిన చోటే తగులుతుంది.

దస్తావేజు
ఒక జాగ్రత్త. పటంలో ఉన్నది మాత్రమే చెప్పండి, యజమాని మోసగాడు వంటి మాటలు ఫ్లెక్సీ మీద వేస్తే పరువు నష్టం కేసు పెడతారు. ధ్రువీకరించిన నకలు మీ చేతిలో ఉంటే పోలీసులు కూడా తొందరపడరు.

చెరువుకట్ట
అందరికీ నమస్కారాలు. పటం కోసం రేపే దరఖాస్తు పెడుతున్నాము. కుర్రవాళ్ళకు ఆదివారం గేటు దగ్గర నిలబడే బాధ్యత అప్పగిస్తే జేసీబీ మాట మరచిపోతారని మా పెద్దల ఆశ. ఒక కుర్రవాడు ఆమరణ దీక్ష చేస్తానని పట్టుబడుతున్నాడు. అనుమతి గురించి, ఉద్యోగుల గురించి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

విశ్రాంత అధ్యాపకుడు
ఆమరణ దీక్ష వద్దని గట్టిగా చెప్పండి. పొట్టి శ్రీరాములు గారు 1952లో 58 రోజులు చేసి ప్రాణం విడిచారు, ఆ వెంటనే అల్లర్లు, కాల్పులు జరిగి మరికొందరు చనిపోయారు. ఆ త్యాగాన్ని ఒక గోడ కోసం అనుకరించకూడదు. వంతులవారీగా రిలే దీక్ష చేయవచ్చు. అనుమతి విషయానికి వస్తే, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణ ఇచ్చినదే. అయితే సభలు, ఊరేగింపులను నియంత్రించే పోలీసు చట్టం సెక్షన్ 30 అమలులో ఉందనో, గుమికూడడాన్ని నిషేధించే పాత సెక్షన్ 144 స్థానంలో వచ్చిన సెక్షన్ 163 ఉందనో అంటారు. అందువల్ల స్థలం, తేదీ, మొదలయ్యే వేళ, ముగిసే వేళ, సుమారు ఎంతమంది వస్తారు అన్నవి రాసి స్టేషనులో ముందుగానే ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. రోడ్ల మీద సభలను కట్టడి చేసిన 2023 జనవరి నాటి జీవో 1ని అదే ఏడాది మే నెలలో హైకోర్టు కొట్టివేసిందని గుర్తుంచుకోండి. ప్రభుత్వోద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది కనుక వారిని ముందు వరుసలో నిలబెట్టకండి. గ్రామసభలో ఓటరుగా మాట్లాడనివ్వండి, దరఖాస్తులు రాసిపెట్టమనండి.

కట్టమంచి
తోట అన్నా, వచ్చే సీజనులో గేటు ముందు కూర్చుంటే నాకు కబురు పెట్టండి. రోడ్డు మీదికి మాత్రం రాను.

బెంగళూరా తోట
కబురు పెడతాను. రోడ్డు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

పలకా బలపం
చెరువుకట్ట అన్నా, ఒక్క మాట. షామియానా బాడుగకు తీసుకోకండి. శిబిరం ఎత్తించాలనుకునేవారు మీతో మాట్లాడరు, షామియానా యజమానికి ఫోను చేస్తారు. పాపం అతను భయపడి మధ్యాహ్నానికే వచ్చి గుంజలు పీక్కుపోతాడు. ఊళ్ళో ధాన్యం మీద కప్పే టార్పాలిన్లు ఉంటాయి కదా, అవి నాలుగు కుట్టించుకోండి. నీళ్ళ క్యాన్లు కూడా సొంతంగానే ఉంచుకోండి. మరుగుదొడ్డికి గేటుకు దగ్గరలో ఉన్న ఇంటివారిని ఈ వారమే అడిగి పెట్టుకోండి.