నేను చేస్తున్న ఆటలో కొబ్బరి బస్తా వేయగానే మోపెడ్ పేలిపోతోంది, బాక్స్‌టూడీ తెలిసినవాళ్ళు సాయం చెయ్యండి

విజీనగరం_కుర్రోడు:
అందరికీ నమస్తే. మాది విజయనగరం, బీటెక్ మూడో సంవత్సరం. స్కూల్లో ఉన్నప్పుడు మూడు లాంతర్ల దగ్గర నెట్ సెంటర్లో కూర్చుని హ్యాపీ వీల్స్ (బండి మీద మనిషి దెబ్బలు తిని, రక్తం కారుతూ ముక్కలయ్యే కంప్యూటర్ ఆట) తెగ ఆడేవాణ్ని, అప్పట్నుంచీ అలాంటి ఆట మన రోడ్ల మీద చెయ్యాలని ఆశ. ఇప్పటికి మొదలెట్టాను. ఉద్దానం నుంచి మోపెడ్ మీద కొబ్బరికాయల బస్తాలు తెచ్చే మావయ్య హీరో. దారిలో మూత లేని కాలవ, దాని మీద అడ్డంగా వేసిన చెక్క, అడ్డొచ్చే గేదెలు, కంకర కుప్పలు. బాక్స్‌టూడీ (ఆటలో వస్తువులు పడటం, గుద్దుకోవడం లెక్కగట్టే ఇంజిన్), జావాస్క్రిప్ట్ వాడాను, బ్రౌజర్లో నడుస్తుంది.

బస్తా బరువు పెంచగానే బండి గజగజా వణికి చక్రాలు చెరో దిక్కుకీ ఎగిరిపోతున్నాయి. స్పీడుగా వస్తే ముందు చక్రం చెక్కలోంచి దూరి కాలవలోకి పోతోంది. మావయ్యేమో దబ్బున పడడు, బెలూన్‌లాగా తేలుతూ దిగుతాడు, అలా పడితే చూసినవాళ్ళకి నవ్వెలా వస్తుంది? వారం నుంచి ఇదే పని, బుర్ర వేడెక్కిపోయింది.

ఇంకోటి, రక్తం పెట్టాలా వద్దా? మా అమ్మ ఒకసారి చూసి "బండి మీద పోయే మనిషి చెయ్యి ఊడిపోతే నీకు నవ్వెలా వస్తాదిరా" అంది. అది మనసులో ఉండిపోయింది.

నాగావళి_గట్టు:
తమ్ముడూ, ముందు తేలడం సంగతి. నువ్వు పిక్సెళ్ళనే నేరుగా ఇచ్చేస్తున్నట్టున్నావు. బాక్స్‌టూడీకి అన్నీ మీటర్లు, కిలోలు, సెకన్లే. తెర మీద 80 పిక్సెళ్ళున్న మనిషి దాని లెక్కలో 80 మీటర్ల మనిషి, ఏడు రోడ్ల జంక్షన్లో అంత పొడుగువాడు పడితే ఎంతసేపు పడతాడో ఊహించుకో. 50తో భాగించి లోపలికి పంపు, గీసేటప్పుడు 50తో హెచ్చవెయ్యి, 1.6 మీటర్లకి వస్తాడు. కదిలే వస్తువులన్నీ 0.1 నుంచి 10 మీటర్ల మధ్య ఉండేలా చూసుకో.

వణుకుడికి కారణం బరువుల తేడా. తేలిక వస్తువు బరువైనదాన్ని మోస్తుంటే బాక్స్‌టూడీకి కష్టం. జాయింట్లని (రెండు వస్తువుల్ని కలిపే అతుకుల్ని) కొన్ని విడతల్లో సర్దుకుంటూ వస్తుంది, తేడా పది రెట్లు దాటితే ఆ విడతలు చాలవు, జాయింట్ సాగిపోయి వెనక్కి కొడుతుంది. చక్రం డెన్సిటీ (సాంద్రత) పెంచు, బస్తాది బాగా తగ్గించు. చెక్క కూడా చక్రంలాగే డైనమిక్ బాడీ (దెబ్బకి కదిలే వస్తువు) అయ్యుంటుంది కదా, అందుకే చక్రం దూరిపోతోంది. చక్రానికి బుల్లెట్ ఫ్లాగ్ (వేగంగా పోయే వస్తువు ఇంకోదాన్లోంచి దూరిపోకుండా చూసే సెట్టింగ్) పెట్టు.

బొబ్బిలి_కోడర్:
పై అన్న చెప్పినవి చేశాక టైమ్‌స్టెప్ (ఇంజిన్ ఒక్కో అడుగులో ముందుకి జరిపే కాలం) కూడా చూడు బ్రో. ఫ్రేమ్‌కి ఒక స్టెప్ పెడితే 60 హెర్ట్జ్ (సెకనుకి 60 సార్లు తెర మారే) ఫోన్‌లో బాగున్న ఆట 120 హెర్ట్జ్ ఫోన్‌లో రెండింతల వేగంతో పోతుంది. నా మొదటి ఆట అలాగే పాడైంది, మా చెల్లి ఫోన్‌లో పెట్టేదాకా నాకు తెలీలేదు. గడిచిన టైమ్ పోగేసుకుని 1/60 సెకను చొప్పున అడుగులు వేయించు.

తోటపల్లి_పిల్ల:
రక్తం గురించి నేను చెప్తాను. జిమ్ బొనాచ్చి 2010లో హ్యాపీ వీల్స్ పెట్టినప్పటి నుంచీ ఆడుతున్నా. వీల్‌చెయిర్ తాతకి స్పేస్ నొక్కితే వెనక జెట్ అంటుకుంటుంది చూడండి, అక్కడ అర సెకను ఎక్కువ నొక్కింది నేనే, బోర్లా పడింది నా వల్లే, అందుకే నవ్వొస్తుంది. కాలు పోయినా పాక్కుంటూ గీత దాటొచ్చు, ఆ మొండితనం నాకు చాలా ఇష్టం. ఆడేవాడి తప్పు లేకుండా మనిషి ముక్కలైతే మాత్రం మీ అమ్మగారన్నదే నిజం. మీ ఆటలో కొబ్బరికాయలున్నాయి కదా, దెబ్బ తగిలినప్పుడు అవి పగిలి నీళ్ళు చిమ్మనివ్వండి. దెబ్బ ఎంత గట్టిదో అక్కడే తెలుస్తుంది, రక్తం అక్కర్లేదు. ఆటలోనే లెవెల్ ఎడిటర్ కూడా పెట్టండి, ఎవరి ఊరి గోతులు వాళ్ళు కట్టుకుంటారు.

విజీనగరం_కుర్రోడు:
అన్నా, తేలడం పోయింది! వణుకూ పోయింది. చెక్క మీద చక్రం ఆగి, చెక్క తిరగబడి మావయ్యని వెనక నుంచి కొట్టింది, అది నేను రాసింది కాదు, దానంతటదే జరిగింది. అక్కా, కొబ్బరికాయల ఐడియా ఈ రాత్రే మొదలెడతాను. సిరిమానుని కూడా అడ్డంకిగా పెడదామా అనుకున్నాను గానీ అది అమ్మవారి సంగతి, వద్దనుకున్నాను. ఒక్కటి మిగిలింది, పడ్డాక మోకాలు ముందుకి మడుస్తోంది.

నాగావళి_గట్టు:
మోకాలి రివల్యూట్ జాయింట్‌కి (కీలులా తిరిగే అతుకుకి) లిమిట్, అంటే ఎంత కోణం దాకా తిరగాలో హద్దు, ఆన్ చెయ్యి. ఒక కొస 0, రెండోది 2.4 రేడియన్లు. మోచేతికి ప్లస్, మైనస్ గుర్తు తిరగెయ్యి.