క్యూటీ టేబుల్‌లో బరువు సెల్ తెరిచి మూస్తే చాలు, 18455 కాస్తా 99 అయిపోతోంది

కాటా_చీటీ:

అందరికీ నమస్కారం. చిత్తూరులో ఒక మామిడి మండీకి లోడ్ల పట్టిక రాస్తున్నా. పైథాన్, పైసైడ్ 6 (కిటికీలు, పట్టికలు గీసే క్యూటీ లైబ్రరీని పైథాన్‌లో వాడేది), విండోస్. పట్టికని చూపించే క్యూటేబుల్‌వ్యూ పెట్టి కింద డేటా ఉండే సొంత మోడల్, మధ్యలో సార్ట్, ఫిల్టర్ చేసే క్యూసార్ట్‌ఫిల్టర్‌ప్రాక్సీమోడల్ ఉంచాను. కాలమ్‌లు ఇవీ: లారీ నంబరు, ఊరు, రకం (తోతాపురి, బేనీషా, నీలం), బరువు కిలోల్లో, ధర, రైతుకు చేరే మొత్తం. నాలుగు చోట్ల ఇరుక్కున్నా.

1. బరువుకి డెలిగేట్ (సెల్‌ని గీసే, ఎడిట్ చేయించే క్లాస్) రాసి అందులో క్యూస్పిన్‌బాక్స్ (అంకెలు కొట్టే పెట్టె) ఇచ్చాను. సెల్ మీద రెండుసార్లు నొక్కి, ఏమీ కొట్టకుండా పక్క సెల్‌కి పోయినా 18455 ఉన్నది 99 అవుతోంది.

2. ధరలో రెండు విలువలు చూపించాల. 2025 సీజన్‌లో తోతాపురికి కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 ఇచ్చాయి కదా, అట్లా ఒకే సెల్‌లో పెద్దగా 8.00, పక్కన చిన్న పట్టీలో +4.00. డెలిగేట్‌లో పెయింట్ (సెల్‌ని గీసే ఫంక్షన్) రాస్తే అన్ని రోలవీ (వరసలవీ) టేబుల్ ఎడమ పైమూలలో ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

3. ధర మారిస్తే మొత్తం మారదు. మౌస్ దాని మీదికి తీసుకుపోతే అప్పుడు మారుతుంది.

4. రకం కోసం ప్రతి రోకీ సెట్‌ఇండెక్స్‌విడ్జెట్‌తో కాంబోబాక్స్ పెట్టాను. 3000 రోలకి తెరవడమే నత్తనడక. పైగా ఫిల్టర్ పెట్టి తీసేస్తే కొన్ని రోలలో కాంబోలు మాయం.

---

పాతకాపు_క్యూటీ:

ఒకటోది తేలిక. క్యూస్పిన్‌బాక్స్ పుట్టుకతోనే గరిష్ఠం 99. క్యూడబుల్‌స్పిన్‌బాక్స్‌కయితే 99.99, దశాంశ స్థానాలు 2. సెట్‌ఎడిటర్‌డేటాలో (ఎడిటర్‌లో విలువ నింపే చోట) మీరు 18455 ఇస్తే అది నోరెత్తకుండా 99కి కోసేస్తుంది. ఎడిటర్ మూసేటప్పుడు సెట్‌మోడల్‌డేటా (ఎడిటర్ విలువని మోడల్‌లో రాసేది) పిలుపు ఎలాగూ వస్తుంది, మీరు ఏమీ కొట్టకపోయినా సరే. అప్పుడు ఆ 99 మోడల్‌లోకి పోతుంది. క్రియేట్‌ఎడిటర్‌లో సెట్‌రేంజ్ 0 నుంచి 60000 అని ఇవ్వండి. బరువు కిలోల్లో పూర్ణాంకంగా ఉంచుకోవడం మంచి పని చేశారు. టన్నుల్లో పెట్టి ఉంటే 18.455 తెరిచి మూయగానే రెండు స్థానాలకి సర్దుకుని 5 కిలోలు అటో ఇటో పోయేవి, 99 లాగా కంటికి కూడా కనిపించేది కాదు.

అక్కడే ఇంకో రెండు పనులు. సెట్‌మోడల్‌డేటాలో వాల్యూ చదివే ముందు ఇంటర్‌ప్రెట్‌టెక్స్ట్ పిలవండి, లేదంటే సగం కొట్టిన అంకె రాకపోవచ్చు. చదివిన విలువ పాత విలువే అయితే సెట్‌డేటా పిలవకుండా తిరిగి వచ్చేయండి. ఇంకా ఎడిటర్ తెరిచి ఉన్నప్పుడు మౌస్ చక్రం తిప్పితే పట్టిక జరగదు, బరువు మారుతుంది. లెక్కల కౌంటర్‌లో ఇది ప్రమాదం. స్పిన్‌బాక్స్‌ని సబ్‌క్లాస్ చేసి వీల్‌ఈవెంట్‌లో ఇగ్నోర్ అనండి, బటన్‌సింబల్స్‌ని నోబటన్స్ చేయండి.

రెండోది. పెయింట్‌కి వచ్చే పెయింటర్ మీ సెల్‌ది కాదు, మొత్తం వ్యూపోర్ట్‌ది (పట్టిక కనిపించే చోటంతా). సున్నా, సున్నా అంటే పట్టిక మూల. మీ సెల్ ఎక్కడుందో ఆప్షన్.రెక్ట్‌లో ఉంటుంది, ప్రతి గీతా దాన్నుంచే కొలవాలి. వరస ఇలా పెట్టుకోండి:

ముందు ఆప్షన్‌కి ఒక నకలు తీసుకుని ఇనిట్‌స్టైల్‌ఆప్షన్ పిలవండి. ఆ నకలులో టెక్స్ట్‌ని ఖాళీ చేయండి. తర్వాత విడ్జెట్ స్టైల్‌తో డ్రాకంట్రోల్, అందులో సీఈ_ఐటమ్‌వ్యూఐటమ్. దీంతో నేపథ్యం, ఎంపిక రంగు, ఫోకస్ గీత అన్నీ స్టైలే గీసి పెడుతుంది. దీన్ని వదిలేసి సొంతంగా ఫిల్‌రెక్ట్ కొట్టారంటే రోని ఎంచుకున్నప్పుడు ఈ ఒక్క సెల్ మాత్రం తెల్లగా మిగులుతుంది.

ఇప్పుడు పెయింటర్.సేవ్. రెక్ట్‌ని రెండు పక్కలా 6 పిక్సెళ్లు లోపలికి తీసుకోండి. కుడి చివర పట్టీ: +4.00 వెడల్పుని ఫాంట్‌మెట్రిక్స్ హారిజాంటల్‌అడ్వాన్స్‌తో కొలిచి, దానికి 12 కలిపితే పట్టీ వెడల్పు. ఎత్తు ఫాంట్ ఎత్తుకి 2 ఎక్కువ, మూలల గుండ్రం అందులో సగం, యాంటీఏలియాసింగ్ ఆన్. మిగిలిన ఎడమ భాగంలో 8.00 కుడి వైపుకి ఆనించి రాయండి. అప్పుడే పై నుంచి కింది దాకా చుక్కలు ఒకే వరసలో నిలుస్తాయి. ఆప్షన్.స్టేట్‌లో స్టేట్_సెలెక్టెడ్ ఉంటే పెన్ను హైలైటెడ్‌టెక్స్ట్ రంగుకి మార్చండి, లేకపోతే నీలం మీద నల్లక్షరాలు. చివర పెయింటర్.రిస్టోర్. మధ్యలో రిటర్న్ ఉంటే దాని ముందు కూడా రిస్టోర్ ఉందో లేదో చూసుకోండి. మరిచిపోతే మీ రంగూ ఫాంటూ తర్వాతి సెల్స్‌కి అంటుకుంటాయి, తప్పు ఇక్కడుంటే మీరు ఊరు కాలమ్‌లో వెతుక్కుంటూ ఉంటారు.

మోడల్ వైపు (ఒకే సెల్‌కి వేర్వేరు విలువలు ఇవ్వడానికి రోల్ నంబర్లు ఉంటాయి): ఫ్యాక్టరీ ధర యూజర్‌రోల్+1 (257), ప్రభుత్వానిది యూజర్‌రోల్+2 (258), రెండూ పైసల్లో పూర్ణాంకాలు. 800, 400. ఎడిట్‌రోల్‌కి కూడిక 1200 ఇవ్వండి, ప్రాక్సీలో సెట్‌సార్ట్‌రోల్‌కి ఎడిట్‌రోల్ పెట్టండి. డిస్‌ప్లేరోల్ అక్షరాల రూపమే కాబట్టి దాని మీద పెద్ద ధర పైకి వచ్చేలా సార్ట్ చేస్తే 9.50 పైన, 12.00 కింద కూర్చుంటాయి.

మొత్తం కాలమ్‌కి పెయింట్ అసలు అక్కర్లేదు. డిస్‌ప్లేటెక్స్ట్ ఒక్కటి ఓవర్‌రైడ్ చేసి 22146000 పైసల్ని 2,21,460.00 అని దిద్ది పంపితే చాలు. లక్షల కామాలు చేత్తో వేసుకోండి: కుడి నుంచి మొదటి మూడు, ఆపైన రెండేసి. నాలుగు లైన్ల పని.

---

డెలిగేట్_డాక్టర్:

మూడోది మోడల్ తప్పు. సెట్‌డేటాలో ధర మార్చాక డేటాచేంజ్‌డ్‌ని (విలువ మారిందని వ్యూకి చెప్పే సిగ్నల్) ఆ ఒక్క సెల్‌కే పంపుతున్నారు. వ్యూకి మీ గుణకారం సంగతి తెలీదు. ఎడమ పైన ధర ఇండెక్స్, కుడి కింద మొత్తం ఇండెక్స్ ఇచ్చి పంపండి. బరువు మారినప్పుడూ అంతే, బరువు నుంచి మొత్తం దాకా. మౌస్ పోతే మారడమంటే హోవర్ వల్ల ఆ సెల్ మళ్లీ గీయబడి అప్పుడు కొత్త విలువ అడిగిందన్నమాట. రిపెయింట్, అప్‌డేట్ అంటూ వ్యూని తట్టి లేపకండి, జబ్బు అక్కడ లేదు.

నాలుగోది: సెట్‌ఇండెక్స్‌విడ్జెట్ కదలని వాటికి. మీరు 3000 అసలైన విడ్జెట్‌లు పుట్టిస్తున్నారు, తెర మీద ఓ ముప్పై కూడా కనిపించవు. ఫిల్టర్‌తో రో దాగినప్పుడు ప్రాక్సీ దృష్టిలో ఆ రో తీసేసినట్టే, వ్యూ దాని విడ్జెట్‌ని కూడా పారేస్తుంది. తిరిగొచ్చేది కొత్త రో, దానికి మీరు కాంబో పెట్టలేదు. డెలిగేట్‌కి మారండి: సెల్ ఎప్పుడూ బొమ్మే, కాంబో మాత్రం ఎడిట్ చేసే ఆ కాసేపే ఒకే ఒకటి. సెల్‌లో కింది బాణం కనిపించాలని మండీవాళ్లు అడిగితే పెయింట్‌లో కుడివైపు 16 పిక్సెళ్లలో బాణం గీసేయండి.

క్రియేట్‌ఎడిటర్‌లో కాంబోకి పేరెంట్‌గా అక్కడ వచ్చిన పేరెంట్‌నే ఇవ్వండి. అది మరిస్తే వేరే కిటికీగా తేలుతుంది. యాక్టివేటెడ్ సిగ్నల్‌కి కమిట్‌డేటా, క్లోజ్‌ఎడిటర్ కట్టండి, లేకపోతే రకం ఎంచుకున్నాక కూడా ఇంకో చోట నొక్కాల్సి వస్తుంది. తెరుచుకోగానే జాబితా దిగాలంటే క్యూటైమర్.సింగిల్‌షాట్ 0తో షోపాపప్.

పైథాన్‌వాళ్లు తరచూ పడే గుంట: సెట్‌ఐటమ్‌డెలిగేట్‌ఫర్‌కాలమ్‌లోనే డెలిగేట్‌ని పుట్టించి ఇస్తారు. వ్యూ దాన్ని సొంతం చేసుకోదు. పేరెంట్ లేకపోతే పైథాన్ చెత్త ఊడ్చేటప్పుడు దాన్ని కూడా ఊడ్చేస్తుంది, పట్టిక మామూలుగా కనబడుతుంది, లేదా ప్రోగ్రామ్ పడిపోతుంది. సెల్ఫ్ మీద ఒక పేరుతో దాచుకోండి. ఒకే డెలిగేట్‌ని రెండు వ్యూలకి పంచకండి, క్లోజ్‌ఎడిటర్ రెండింటికీ వినిపిస్తుంది.

---

కాటా_చీటీ:

అన్నా, నాలుగూ కుదిరాయి. 99 సంగతి అసలు తట్టలేదు. ధరకి ఎడిటర్‌గా ఒక విడ్జెట్‌లో రెండు స్పిన్‌బాక్స్‌లు పెట్టాను. ఇప్పుడు కొత్తవి వచ్చినాయి. ధర కొట్టి పైన టూల్‌బార్‌లో సేవ్ నొక్కితే పాత ధరే ఫైల్‌లోకి పోతోంది. ధర మీద సార్ట్ చేసి ఉన్నప్పుడు ఎడిట్ చేస్తే ఒక్కోసారి ప్రభుత్వం 4 వేరే లారీకి పడుతోంది! ఇంకోటి, ఊరు కాలమ్‌లో పుత్తూరు, కుప్పం, శ్రీకాళహస్తి లాంటి వాటిల్లో ఒత్తులు కింద తెగిపోతాన్నాయి.

---

పాతకాపు_క్యూటీ:

వేరే లారీకి పడేది ముందు సరిచేయండి, అది డబ్బు. సెట్‌మోడల్‌డేటాలో మీరు 257కి ఒక సెట్‌డేటా, 258కి ఇంకోటి పిలుస్తున్నారు కదా. మొదటిది పోగానే డేటాచేంజ్‌డ్, దాంతో ప్రాక్సీ అక్కడికక్కడే సార్ట్ చేసి రోని జరిపేస్తుంది. మీ చేతిలో ఉన్న ఇండెక్స్ మాత్రం పాత రో నంబరే పట్టుకుని ఉంటుంది. రెండో సెట్‌డేటా ఆ చోటికి కొత్తగా వచ్చి కూర్చున్న లారీకి తగులుతుంది. సెట్‌మోడల్‌డేటా మొదటి లైన్‌లోనే క్యూపర్సిస్టెంట్‌మోడల్‌ఇండెక్స్ (రో జరిగితే తనూ వెంట జరిగే ఇండెక్స్) చేసుకుని రెండింటికీ దాన్నే వాడండి. అంతకంటే, ఎంట్రీ జరుగుతున్నంతసేపు సెట్‌డైనమిక్‌సార్ట్‌ఫిల్టర్ (విలువ మారగానే మళ్లీ సార్ట్ చేసేది) ఫాల్స్ చేయండి. కొట్టిన రో కళ్ల ముందు నుంచి ఎగిరిపోతే గుమస్తా దాన్నే మళ్లీ వెతుక్కోవాలి.

సేవ్: టూల్‌బార్ బటన్ నొక్కితే ఫోకస్ తీసుకోదు. ఎడిటర్ తెరిచే ఉంటుంది, కొట్టింది మోడల్‌కి చేరనే లేదు. కంట్రోల్+ఎస్‌కీ ఇదే కథ. సేవ్ ఫంక్షన్‌లో మొదటి పనిగా వ్యూ.సెట్‌ఫోకస్ పిలవండి. మామూలు ఎడిటర్‌కి అది సరిపోతుంది. మీ జంట స్పిన్‌బాక్స్‌లకి సరిపోదు: వ్యూ మీ డెలిగేట్‌ని ఈవెంట్‌ఫిల్టర్‌గా (కీలు, ఫోకస్ మార్పులు ముందుగా చూసేది) బయటి విడ్జెట్‌కే తగిలిస్తుంది, ఫోకస్ పోయేది మాత్రం లోపలి స్పిన్‌బాక్స్‌ది. బయటి విడ్జెట్‌కి సెట్‌ఫోకస్‌ప్రాక్సీగా మొదటి స్పిన్‌బాక్స్ ఇవ్వండి, రెండు స్పిన్‌బాక్స్‌లకీ మీ ఫిల్టర్ తగిలించండి. ఫోకస్‌అవుట్ వచ్చినప్పుడు కొత్త ఫోకస్ విడ్జెట్ నుంచి పేరెంట్‌ల వెంట పైకి పోయి చూడండి. మీ ఎడిటర్ తగిలితే ఊరకే వదిలేయండి, మొదటి దాన్నుంచి రెండోదానికి పోయినట్టు. తగలకపోతే బయటి విడ్జెట్ పేరుతో కమిట్‌డేటా, క్లోజ్‌ఎడిటర్. లోపలిదాని పేరుతో పంపితే వ్యూ దాన్ని గుర్తే పట్టదు. ఇంకా బయటి విడ్జెట్‌కి సెట్‌ఆటోఫిల్‌బ్యాక్‌గ్రౌండ్ ట్రూ, లేఅవుట్ మార్జిన్‌లు 0. లేకుంటే కింద గీసిన 8.00 ఎడిటర్ సందుల్లోంచి తొంగి చూస్తుంది.

---

డెలిగేట్_డాక్టర్:

ఒత్తుల సంగతి నేను చెప్తా. ప్రోగ్రామ్ ఫాంట్ సెగో యూఐ అయి ఉంటుంది. అందులో తెలుగు లేదు, విండోస్ నిర్మలా యూఐ నుంచి తెచ్చి గీస్తుంది. ఫాంట్‌మెట్రిక్స్.హైట్ మాత్రం సెగో కొలతే చెప్తుంది, ఆ ఎత్తులో త్తూ పట్టదు. ఊరు కాలమ్‌కి మోడల్‌లో ఫాంట్‌రోల్‌గా నిర్మలా యూఐనే నేరుగా ఇవ్వండి. కొలత దాన్నుంచి తీసుకుని పైన 4, కింద 4 కలపండి. సైజ్‌హింట్ రాసి ఊరుకుంటే ఏమీ మారదు, రీసైజ్‌రోస్‌టుకంటెంట్స్ లాంటిది పిలిచేదాకా టేబుల్‌వ్యూ దాన్ని అడగదు. 3000 రోలకి అది దండగ. వర్టికల్‌హెడర్‌కి సెట్‌డిఫాల్ట్‌సెక్షన్‌సైజ్ ఒక్కసారి ఇచ్చేయండి, అన్ని రోలూ సమానంగా ఉంటే చూపుకీ హాయి.

పైసల్లో ఉంచారు కాబట్టి ఒక మాట. కింద సీజన్ మొత్తం చూపించే లేబుల్‌కి సిగ్నల్ కడుతుంటే దాన్ని ఇంట్ అని ప్రకటించకండి. అది 32 బిట్లే, 2,14,74,836 రూపాయల 47 పైసలు దాటితే పట్టదు. మీ 2,21,460 లాంటి లోడ్లయితే 97వ లారీకే దాటిపోతుంది. ఆబ్జెక్ట్ అని పెట్టండి.

---

కాటా_చీటీ:

ఇంట్ అనే పెట్టినా! మార్చేశా. పర్సిస్టెంట్ ఇండెక్స్‌తో ధర సరైన లారీకే పడుతోంది. ఎంటర్ కొడితే పక్క సెల్‌కి పోవాలంటే ఎట్లా? ఇప్పుడు అక్కడే నిలబడుతుంది.

---

పాతకాపు_క్యూటీ:

అదే ఈవెంట్‌ఫిల్టర్‌లో కీప్రెస్ రిటర్న్, ఎంటర్ రెండూ పట్టుకోండి (నంబర్‌ప్యాడ్‌ది ఎంటర్, పెద్దది రిటర్న్, కీలు వేరు). కమిట్‌డేటా, తర్వాత క్లోజ్‌ఎడిటర్‌కి ఎడిట్‌నెక్స్ట్‌ఐటమ్ ఇచ్చి, ఫిల్టర్ నుంచి ట్రూ తిప్పి పంపండి. బరువు నుంచి ధరకి పోతుంది. ధర నుంచి మాత్రం మొత్తం మీదికి పోయి ఆగుతుంది, అది ఎడిట్ అయ్యేది కాదు కదా. ధర డెలిగేట్‌లో నోహింట్‌తో మూసి, సింగిల్‌షాట్ 0లో తర్వాతి రో లారీ నంబరుకి సెట్‌కరెంట్‌ఇండెక్స్, ఎడిట్ పిలవండి. అక్కడ కూడా డైనమిక్ సార్ట్ ఆగి ఉండాలి, లేదంటే తర్వాతి రో ఏదో మీకే తెలీదు.