దారి తప్పితే ఉన్నచోటే ఉండాలా, నడవాలా?

ఎడిసన్‌రాజు: మా న్యూజెర్సీ మీదుగా పోయే అపలాచియన్ ట్రెయిల్ (అమెరికాలో అడవులూ కొండల గుండా సాగే పొడవాటి కాలిబాట) మీదే, పైన మెయిన్ (Maine) రాష్ట్రంలో, 2013 జులై 22న 66 ఏళ్ల ఆవిడ ఒకరు తప్పిపోయారు. బాత్రూమ్ కోసం దారి దిగి పక్కకి వెళ్లారు, మళ్లీ దారి దొరకలేదు. టెంటు, అవశేషాలు బయటపడింది 2015 అక్టోబరులో. డైరీని బట్టి కనీసం ఆగస్టు 18 దాకా బతికే ఉన్నారట! "తప్పిపోతే కదలొద్దు" అన్న సలహాయే ఆవిడ ప్రాణం తీసిందని నా వాదన. కొండ దిగుంటే పాత రైలు కట్ట తగిలేది.

మ్యాప్‌పిచ్చి: రాజుగారూ, ఆవిడ తప్పిపోయిన చోట ఆగలేదండీ. ఫోన్‌లో ఏముందో చూడండి. 22న పొద్దున 11 గంటలకు భర్తకి మెసేజ్ కొట్టారు: దారి తప్పాను, సాయం కావాలి అని. సిగ్నల్ లేక వెళ్లలేదు. గంటన్నర సేపు మళ్లీ మళ్లీ పంపారు. మర్నాడు సాయంత్రం ఇంకొకటి: ట్రెయిల్ నుంచి మూడు నాలుగు మైళ్లు పక్కకి వచ్చేశాను, పోలీసులకి చెప్పండి అని. అదీ వెళ్లలేదు.

టెంటు దొరికింది ఎక్కడ? ట్రెయిల్‌కి నేరుగా కొలిస్తే దాదాపు మూడు వేల అడుగులు. కిలోమీటరు కూడా లేదు! అంటే ఆ చెట్లలో ఎంత తిరిగితే నాలుగు మైళ్లు అనిపించి ఉండాలి? సిగ్నల్ కోసం ఎత్తుకి ఎక్కారని వార్డెన్ల (ఆవిడ కోసం గాలించిన అటవీ అధికారుల) అంచనా. ముందు కదిలారు, తర్వాత ఆగారు. వెతికేవాళ్లు, తప్పిపోయిన మనిషి చివరిసారి కనపడ్డ చోటు నుంచే లెక్క వేస్తారు కదా, మనం నడిచేకొద్దీ వాళ్లు గాలించాల్సిన అడవి పెరిగిపోతుంది.

ఎడిసన్‌రాజు: సరే. ఆగాక మాత్రం? వెతికే కుక్కల బృందం వంద గజాల దూరంలోకి వచ్చి వెళ్లిపోయిందట. ఇంక ఆగి ఏం లాభం?

భవాని_వైజాగ్: టెంటు దట్టమైన చెట్ల కింద ఉందన్నా. పైనుంచి ఎవరికి కనపడుతుంది? పాపం, మెరిసే దుప్పటి కట్టారు, మంట పెట్టడానికీ చూశారు. అదే దుప్పటి ఆకాశం కనపడే చోట పరిచుంటే కథ వేరేగా ఉండేదేమో. ఇంకో సంగతి, ఎమర్జెన్సీ ట్రాకర్ (మనం ఎక్కడున్నామో ఉపగ్రహం ద్వారా తెలియజేసే చిన్న పరికరం) ఉంది, కానీ మోటెల్ గదిలో వదిలేసి వచ్చారు. నాకు అన్నిటికన్నా బాధ అనిపించింది అదే. మా తమ్ముడు ఒక్కడే ట్రెక్కింగ్‌కి పోతానంటే ఇప్పుడు నేను ముందు అడిగేది ట్రాకర్ గురించే.

మ్యాప్‌పిచ్చి: రైలు కట్ట ఉందని మ్యాప్ ముందు కూర్చున్న మనకి తెలుసు. ఆవిడకి ట్రెయిల్ ఏ వైపు ఉందో కూడా తెలియదు. అలాంటివాళ్లని "దిగి పో" అనడం మాటలా?

ఎడిసన్‌రాజు: మొదటి రెండు మూడు రోజులు ఆగాలి, ఒప్పుకుంటా. తిండి అయిపోతోంది, ఎవరూ రాలేదు, అప్పుడూ కూర్చోమంటే మాత్రం ఒప్పుకోను. ఒంట్లో సత్తువ ఉండగానే, చెట్లకి గుర్తులు కట్టుకుంటూ, నీళ్ల వెంట కిందికి దిగాలి.