సగం ధరకు యూసీ, జెమ్స్: పాస్‌వర్డ్ ఇవ్వకుండా ఐడీతో కొంటే పోయేదేముంది?

రాజోలు_రష్:
టెలిగ్రామ్ గ్రూపుల్లో మొబైల్ గేముల్లో వాడే డబ్బు, అంటే బీజీఎమ్‌ఐ యూసీ, క్లాష్ ఆఫ్ క్లాన్స్ జెమ్స్, 40 శాతం తక్కువకి దొరుకుతున్నాయి. సెల్లర్‌కి మన లాగిన్ ఇచ్చి వేయించుకునే లాగిన్ టాప్-అప్ ప్రమాదమే, దాని మీద వాదన లేదు. నేనడిగేది ఐడీ టాప్-అప్ గురించి. క్యారెక్టర్ ఐడీ ఒక్కటే ఇస్తాం. పాస్‌వర్డ్ ఇవ్వం, ఓటీపీ చెప్పం. యూసీ పడ్డాకే డబ్బు కొడతామని ముందే మాట్లాడుకుంటే ఇంక నష్టమెక్కడ?

క్లాన్‌లీడర్_హన్మకొండ:
తమ్మీ, ముందు జెమ్స్ సంగతి చూడు. క్లాష్ ఆఫ్ క్లాన్స్ కంపెనీ సూపర్‌సెల్, దాని లాగిన్ అయిన సూపర్‌సెల్ ఐడీకి పాస్‌వర్డే లేదు. మెయిల్‌కి వచ్చే 6 అంకెల కోడే తాళంచెవి. "పాస్‌వర్డ్ వద్దు బ్రో, కోడ్ చెప్తే చాలు" అని సెల్లర్ అన్నాడంటే ఇంటి తాళం అడిగినట్టే. కోడ్ చెప్పినంక లోపలికి పోయి మెయిల్ మార్చేస్తే ఆటల నువ్వు కట్టుకున్న గ్రామం వాడిదే.

ఇగ యూసీ. వాడు 1000 రూపాయల ప్యాక్ నీకు 600కి ఇస్తున్నాడు. సొంత డబ్బుతో కొంటే ఒక్కో ఆర్డర్ మీద 400 పోవాలె. రోజుకు 20 ఆర్డర్లు చేస్తే 8000 నష్టం. ఏ వ్యాపారి చేస్తడు? ఆ 400 ఎవరో ఒకరి జేబులకెళ్లి వస్తది. నీ పాస్‌వర్డ్‌తో దానికి సంబంధం లేదు.

పెందుర్తి_స్క్వాడ్:
గిఫ్ట్ కార్డుల మీద ఆఫర్లు, క్యాష్‌బ్యాక్ ఉంటాయి కదన్నా. వేరే దేశంలో రేటు తక్కువ కూడా.

క్లాన్‌లీడర్_హన్మకొండ:
ఉంటయి. గిఫ్ట్ కార్డు ఆఫర్, కార్డు పాయింట్లు, క్యాష్‌బ్యాక్ అన్నీ కలిపినా 40 శాతం దాకా రాదు. కంపెనీ సొంత వెబ్ షాపుల కొంచెం ఎక్కువ బోనస్ ఇస్తదంటే అదీ అర్థమైతది, యాప్ స్టోర్‌కు కట్టే 15 నుంచి 30 శాతం కమీషన్ వాళ్లకు మిగులుతది. బయటి సెల్లర్‌కు అట్ల మిగిలేదేం లేదు.

వేరే దేశం రేటు నిజమే, అది దొంగతనం కూడా కాదు. కానీ గూగుల్ ప్లేల దేశం ఏడాదికి ఒక్కసారే మార్చుకోవచ్చు. అందుకే ఆ సెల్లర్లు పదుల కొద్దీ ఖాతాలు నడిపిస్తరు. ఒక ఖాతా పట్టుబడితే దాని మీద జరిగిన కొనుగోళ్లన్నిటికీ ముప్పే.

రాజోలు_రష్:
అడిగినదానికి జవాబు రాలేదు. పాస్‌వర్డ్ ఇవ్వలేదు. నా ఖాతాలోకి ఎవరూ రాలేదు. అవునా కాదా?

కార్డ్‌డెస్క్_విజయవాడ:
అవును, రాలేదు. అయినా నష్టం ఎలా వస్తుందో వరసగా చెబుతాను, ఓపికగా చదవండి.

సెల్లర్ దగ్గర ఎవరిదో క్రెడిట్ కార్డు వివరాలున్నాయి అనుకోండి. దాంతో యూసీ కొని మీ ఐడీకి వేస్తాడు, మీ దగ్గర 600 యూపీఐలో తీసుకుంటాడు. దొంగ కార్డు అలా నగదుగా మారిపోతుంది. కార్డు ఓనర్ స్టేట్‌మెంట్ చూసుకుని బ్యాంకుకి చెబుతాడు. రిజర్వ్ బ్యాంక్ 2017 జులై సర్క్యులర్ ప్రకారం, కార్డు వివరాలు బయట ఎక్కడో లీకయ్యి, ఆయన మూడు పనిదినాల్లోపు చెబితే ఆయన బాధ్యత సున్నా. 10 పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తం తాత్కాలికంగా జమ చేయాలి. తర్వాత చార్జ్‌బ్యాక్ వేస్తుంది, అంటే అమ్మినవాళ్ల దగ్గర్నుంచి ఆ డబ్బు వెనక్కి లాగుతుంది. ప్లే స్టోర్‌లో కొన్నదైతే, రద్దయిన కొనుగోళ్ల జాబితా గేమ్ కంపెనీకి గూగుల్ అందజేస్తుంది. ఆపిల్ కూడా రీఫండ్ సమాచారం పంపుతుంది. ఆ ఆర్డర్‌తో యూసీ ఏ ఐడీకి వెళ్లిందో కంపెనీ రికార్డులో ఉంటుంది. ఆ ఐడీ మీది, కాబట్టి యూసీ వెనక్కి పోయేదీ, ఖాతా బ్యాన్ అయ్యేదీ మీకే.

చాలా రకాల కార్డు వివాదాలకి గడువు 120 రోజుల దాకా ఉంటుంది. "రెండు నెలలైంది, ఏం కాలేదు" అని గ్రూపులో పెట్టే స్క్రీన్‌షాట్లు ఆ గడువు లోపలివే. యూసీ పడ్డాకే డబ్బు ఇచ్చినా ఈ ప్రమాదం తగ్గదు.

గుంటూరు_గన్నర్:
మరి మనం కూడా బ్యాంకుకి చెప్పి 600 వెనక్కి తెచ్చుకోలేమా?

కార్డ్‌డెస్క్_విజయవాడ:
కష్టమండీ. మీరే పిన్ కొట్టి పంపారు కాబట్టి అనుమతి లేని లావాదేవీ కింద రాదు. పైగా వ్యక్తిగత ఖాతాకి పంపారు, వ్యాపారి ఖాతాకి కాదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేసి 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబర్ చెబితే, డబ్బు ఇంకా ఆ ఖాతాలో ఉంటే ఆపుతారు.

ఇంకొకటి. సెల్లర్ "సారీ, రీఫండ్ చేస్తున్నా" అని డబ్బు పంపినా జాగ్రత్త. ఆ డబ్బు మరో బాధితుడిదైతే, ఆయన ఫిర్యాదు మీద డబ్బు వెళ్లిన దారి పట్టుకుని మీ ఖాతాలో ఆ మొత్తానికి లీన్ పెడతారు, అంటే ఆ డబ్బు మీరు తీయలేరు. కొందరి ఖాతా మొత్తం ఆపేస్తారు.

పెందుర్తి_స్క్వాడ్:
లాగిన్ టాప్-అప్ వాళ్లు గూగుల్ బ్యాకప్ కోడ్లు (ఫోన్ దగ్గర లేనప్పుడు ఓటీపీ బదులు వాడేవి) అడుగుతున్నారు. ఒక్కటే ఇస్తే?

క్లాన్‌లీడర్_హన్మకొండ:
ఇయ్యకు. గూగుల్ ఒకసారికి 10 కోడ్లు ఇస్తది, ఒక్కోటి 8 అంకెలు. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తది, ఆ ఒక్కసారే చాలు వాడికి. ఇప్పటికే ఇచ్చినవా? సెక్యూరిటీ పేజీల కొత్త కోడ్లు తీసుకో, పాతయి చెల్లకుండా పోతయి. పాస్‌వర్డ్ మార్చు. లాగిన్ అయ్యున్న ఫోన్ల జాబితా తెరిచి నీది కానిది తీసెయ్. రికవరీ నంబర్ మారిందేమో చూడు, చాలామంది చూడరు.

రాజోలు_రష్:
పాత మాటలే మళ్లీ తిప్పుతున్నారు. పల్లెల్లో పిల్లల దగ్గర క్రెడిట్ కార్డులుంటాయా? అసలు రేటు ఎవడు పెట్టాడు? ఒక గన్ స్కిన్‌కి వేలు వదిలించే కంపెనీని ఒక్క మాట అనరు గానీ కొనుక్కునే కుర్రాడికి క్లాసులు పీకుతారు. యూసీ పడలేదని కంపెనీకి టికెట్ (ఫిర్యాదు) పెడితే కాపీ పేస్ట్ జవాబు. మా మొహాలకి అంతే విలువ!

క్లాన్‌లీడర్_హన్మకొండ:
క్రెడిట్ కార్డు అక్కర్లేదు, ప్లే స్టోర్‌ల యూపీఐ పనిచేస్తది. అక్కడ కొంటే "జీపీఏ" అక్షరాలతో మొదలయ్యే ఆర్డర్ నంబర్ నీ మెయిల్‌కు వస్తది. యూసీ పడకపోతే ముందు అడిగేది ఆ నంబరే. సెల్లర్ దగ్గర కొంటే ఆ రసీదు వాడి మెయిల్‌ల ఉంటది. నీ టికెట్‌కు కాపీ పేస్ట్ జవాబెందుకొచ్చిందో ఇప్పుడన్నా తెలిసిందా? రసీదు లేకుంట మొత్తుకుంటే ఎవరింటరు?

రాజోలు_రష్:
అంటే నేను దొంగనంటావు!

మోడరేటర్:
మాటలు తగ్గించండి. సెల్లర్ల లింకులు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. సగం ధర అంటూ ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ బయట నుంచి వేసుకునే యాప్) పంపేవాళ్లకీ ఇక్కడ చోటు లేదు. ఎస్సెమ్మెస్, యాక్సెసిబిలిటీ (మీ స్క్రీన్ చదివే) అనుమతులు అడిగే టాప్-అప్ యాప్ మీ ఓటీపీల కోసమే వస్తుంది.

రాజోలు_రష్:
సరే, సూటిగా అడుగుతాను. దొంగ కార్డు వాడింది సెల్లర్. దాన్ని చెల్లుబాటు చేసుకుంది పేమెంటు వ్యవస్థ. యూసీ ఇచ్చింది కంపెనీ. చివరికి ఖాతా పోయేది వీళ్లెవరికీ కాదు, 600 ఇచ్చి కొన్నవాడికి. నాకు మండేది ఇక్కడ! మోసపోయినవాడికే శిక్షేంటి?

కార్డ్‌డెస్క్_విజయవాడ:
ఈ మాట మొదటి పోస్టులోనే అడిగుంటే బావుండేది. మీ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ ఆ కార్డు ఓనర్‌ని కూడా లెక్కలోకి తీసుకోండి. గడువు దాటి చూసుకుంటే ఆయన డబ్బు కొంతైనా పోవచ్చు. వాపసు వస్తే ఆ నష్టం ఇంకెవరో భరిస్తారు. ఆ డబ్బుతో వచ్చిన యూసీ మీ దగ్గరే ఉండిపోవాలా?

రాజోలు_రష్:
ఉండాలనడం లేదండీ. యూసీ తీసుకోమనండి, ఖర్చయిపోతే మైనస్ చేయమనండి. సూపర్‌సెల్ జెమ్స్‌ని మైనస్‌లోకి దించుతుంది, కట్టేదాకా కొత్తవి వాడలేం. అంతవరకూ ఒప్పుకుంటా. శాశ్వత బ్యాన్ దేనికి? నాలుగేళ్ల ఖాతాలో నిజంగా డబ్బు పెట్టి కొన్నవి కూడా ఉంటాయిగా.

క్లాన్‌లీడర్_హన్మకొండ:
మొదటిసారికి మైనస్, మళ్లీ చేస్తే బ్యాన్ అంటే నాకూ సమ్మతమే. కానీ 1000ది 600కి వస్తుంటే ఎక్కడిదని అడగకుండ పదిసార్లు కొన్నోన్ని మోసపోయినోడు అననీకి నాకు నోరు రాదు. తెలిసే కళ్లు మూసుకున్నడు.

రాజోలు_రష్:
పదహారేళ్ల పిల్లాడికి చార్జ్‌బ్యాక్ అంటే ఏం తెలుస్తుంది? కొనుగోలు స్క్రీన్ మీద తెలుగులో ఒక్క వాక్యం పెట్టమను, బయట కొంటే ఖాతా పోతుందని. అది పెట్టాక బ్యాన్ చేస్తే నేనే సమర్థిస్తా. అప్పటిదాకా ఒప్పుకోను.

గుంటూరు_గన్నర్:
మా తమ్ముడు పోయిన వారం ఐడీ టాప్-అప్ చేయించాడు. యూసీ ఇంకా ఖర్చు పెట్టలేదు. ఇప్పుడేం చేయాలి?

కార్డ్‌డెస్క్_విజయవాడ:
దాన్ని ముట్టుకోవద్దని చెప్పండి. ఖర్చు చేయకపోతే వెనక్కి తీసుకున్నా మైనస్‌లోకి వెళ్లదు. సెల్లర్‌తో చాట్, వాడి యూపీఐ ఐడీ, 12 అంకెల నంబర్ ఇవాళే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. టెలిగ్రామ్‌లో అవతలివాడు చాట్ రెండువైపులా చెరిపేయగలడు.